ఠాణాలో గురక

వకీలు గౌరయ్యగారికి కూర్చుంటే చాలు, నిద్ర. సూర్యాపేట కోర్టులో జడ్జిగారు వాయిదా తేదీ చెప్పేలోగా గురక మొదలయ్యేది. బస్సెక్కితే మునగాలలో దిగాల్సిన మనిషి కోదాడలో లేచేవాడు. ఆయన దగ్గర జూనియర్‌గా ఆరేళ్లలో నేను చేసిన ముఖ్యమైన పని ఆయన్ని తట్టి లేపడమే!

ఎనభై ఆరులో ఒకరోజు పొద్దున్నే, మోతె దగ్గరి తండా నుంచి మోతీబాయి ఏడుస్తూ వచ్చింది.

"సారూ, బాయికాడి మోటరు పోయిందని నా కొడుకు మంగ్త్యాను ఠాణల కూసోబెట్టిన్రు. ఆడు తియ్యలే. ఒప్పుకున్నట్టు కాయితం మీద యేలుముద్ర ఎయ్యమంటున్రు."

వేస్తే జైలే. "నడువ్," అని గౌరయ్యగారు చెప్పులేసుకున్నాడు. ఈయన వెళ్లి పడుకోవడం తప్ప ఏం చేస్తాడు?

ఠాణాలో ఎస్సైగారిది కోస్తా. "లాయరుకి ఇక్కడేం పనండీ?" అన్నాడు.

"సవాళ్లు అడిగేటప్పుడు వకీలు పక్కన ఉండొచ్చని సుప్రీంకోర్టే చెప్పింది. అడుగుండ్రి, నేను అడ్డం రాను," అంటూ గౌరయ్యగారు బెంచీ మీద మంగ్త్యాను ఆనుకుని కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో గురక! ఎస్సై మొహం వెలిగిపోయింది. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మోటారు ఎక్కడ దాచావురా?"

"నాకు తెల్వద్ సారూ."

లాఠీ లేచింది. గురక ఆగింది. తగలకుండానే లాఠీ కిందికి దిగింది. గురక సాగింది.

"ముద్ర వేస్తే ఇప్పుడే ఇంటికి పంపిస్తా," అన్నాడు ఎస్సై మెత్తగా. మంగ్త్యా వేలు చాపబోయి, ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాడు. "ఎయ్య సారూ."

సాయంత్రం నాలుగింటి దాకా ఇదే వరస. వేరే సాక్ష్యమేమీ లేదు. చివరికి ఎస్సై కాగితం చింపేసి, "మీ వాణ్ణి తీసుకుపోండి బాబూ! ఆ గురకకి నా తల పగిలిపోతోంది," అన్నాడు.

గెలిచాం! కానీ మంగ్త్యా కుంటుకుంటూ బయటికొచ్చాడు. మోతీబాయి గుండెలు బాదుకుంది.

"కొట్టిన్రా కొడకా?"

"పోలీసులు ముట్టలే యాడీ. వకీలు సాబే తొక్కిండు! ముద్ర అన్నప్పుడల్లా బెంచీ కింద నా కాలు తొక్కుడే తొక్కుడు!"

చూస్తే బొటనవేలు వంకాయంత వాచి ఉంది.

గౌరయ్యగారు నొచ్చుకున్నాడు. "ఏమనుకోకు పిలగా. పక్కన ఒకని పానం మీదికొస్తే నాకు నిద్రెట్ల పడతది? జర గట్టిగనే తొక్కిన."

మోతీబాయి కొడుకును వాటేసుకుని ఏడుస్తూనే నవ్వేసింది. "రెండో కాలు గూడ తొక్కు సారూ! నా కొడుకు ఇంటికొస్తుండు, గదే సాలు!"