నీళ్ళలో వేయని అద్దకం

ఈమధ్య విజయవాడలో ఒక చిత్రకళా ప్రదర్శనకు వెళ్ళినప్పుడు, బొమ్మకు ఎదురుగా ఫోను పెడితే చాలు, దాని అర్థమేమిటో ఒక మృదువైన స్త్రీ కంఠం విడమరచి చెప్పడం చూశాను. జనం బొమ్మకేసి ఒకసారీ, ఫోనుకేసి చాలాసేపూ చూస్తున్నారు. వారి మధ్య నిలబడి ఆ కంఠం వింటూ ఉంటే, దాదాపు పాతికేళ్ళ క్రితం బందరులో, ఎవరూ గీయని బొమ్మకు అర్థం రాయమని నన్ను కూర్చోబెట్టిన రోజులు గుర్తుకు వచ్చాయి.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. గుడివాడలో చదువు ముగించి, అక్కడే కంప్యూటరు నేర్చుకుని, బందరులో ఒక కలంకారీ అద్దకాల కార్ఖానాలో చేరాను. బట్ట మీద అద్దే చెక్క అచ్చుల నమూనాలను కాగితం మీద కాకుండా కంప్యూటరులో గీయాలన్నది యజమాని గారి కొత్త ఆలోచన. మూడు కంప్యూటర్లను తీగతో కలిపి, ఒకే బట్ట నమూనా మీద ముగ్గురం ఒకేసారి పనిచేసేలా ఏర్పాటు చేయించారు. ఒకరు గీసిన గీత మిగిలిన ఇద్దరి తెరల మీద కాస్త ఆలస్యంగా, తడబడుతూ వచ్చేది. ఎవరిదో తెలిసేది కాదు. చేయి కనబడకుండా గీత ఒక్కటే పాకుతూ రావడం చూసి మొదటి రోజుల్లో నేను కుర్చీ వెనక్కి జరుపుకునేదాన్ని.

నాతో పనిచేసే ఇద్దరూ అద్దకం కుటుంబాలవారే. ఒకరిని కార్ఖానా అంతా బావ అని పిలిచేది. రెండో ఆవిడ కూచిపూడి నుంచి రోజూ బస్సులో వచ్చే అక్క. అద్దకం బల్ల దగ్గర ఒక ఆచారం ఉంది. పక్కవాడి గీత ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మనం అందుకోవాలి. ఎవరినీ అడగకూడదు, గీతను తెగినట్టు వదలకూడదు. నేను ఒకసారి లత సగం గీసి టీకి లేస్తే, "గీత గాల్లో వదిలేసి పోతావేంటమ్మాయ్, అవతలోడు దిక్కులు చూస్తా కూచోవాలా?" అని బావ దెప్పాడు. ఆ అలవాటునే వాళ్ళు తెర మీదకూ తెచ్చారు, నాకూ అబ్బింది.

హైదరాబాదు ప్రదర్శన కోసం ఒక పెద్ద పరదా గీస్తున్నాం. ముగ్గురం మూడు వైపుల నుంచి లోపలికి గీసుకుంటూ వస్తున్నాం. నడిమి భాగం ఎవరికీ అప్పగించలేదు. పని దాదాపు పూర్తయిన మధ్యాహ్నం నమూనా మొత్తాన్ని తెర మీద చూసుకుంటే, మా లతలు కలిసిన ఆ నడిమి చోట ఒక ఆకారం ఉంది. చుట్టూ అలల్లాంటి మెలికలు, పైకి చాచిన చిన్న చేయి, దాని కింద ముఖంలాంటి గుండ్రటి గీత. నేను గీయలేదన్నాను. అక్క కూడా అదే మాట చెప్పింది. బావ నవ్వబోయి, మా ముఖాలు చూసి మానేశాడు. వచ్చిన ప్రతి గీతనూ పక్కవారి ఉద్దేశమే అనుకుని ముగ్గురం పొడిగించుకుంటూ పోయామని నెమ్మదిగా అర్థమైంది. ఉద్దేశం మాత్రం ఎవరికీ లేదు.

అక్కకు అది నాట్యకత్తె హస్తం. బావకు తామర మొగ్గ. యజమాని గారు నర్తకి అనే నిర్ణయించి, అచ్చులు చెక్కించి, చదువుకున్నదాన్ని కనుక వివరణ రాసే పని నాకు అప్పగించారు. అప్పటికే కొనేవారు తగ్గిపోయారు. ఆ పరదా నలుగురి కంటా పడకపోతే కార్ఖానా మూతపడేలా ఉంది.

నల్లగీతలు అద్ది, ఎరుపు రావలసిన చోట పటిక అద్దాక, బట్టను పారే కాలువలో జాడించి, తర్వాత రంగునీళ్ళలో ఉడికించాలి. అప్పుడే ఎరుపు పుడుతుంది. ఆ జాడించే పని, దివిసీమ నుంచి వచ్చి మా అందరి చేతా పిన్ని అనిపించుకునే ఆవిడది. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆమె పసిబిడ్డ చేతుల్లోంచి జారిపోయిందని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఆ రోజు పిన్ని పరదాను గట్టు మీద విప్పి, మళ్ళీ మడిచి, జాడించకుండా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నచ్చజెప్పమని యజమాని గారు నన్ను పంపారు.

నాకు చేతనైనట్టు చెప్పాను. అది మనిషి బొమ్మ కాదనీ, మూడు గీతలు అనుకోకుండా కలిశాయనీ, దాన్ని ఎవరూ గీయలేదనీ.

"ఎవరూ గీయలేదంటున్నావుగా," అంది పిన్ని, కాలువకేసి చూస్తూ. "మరి తనంతట తనే వచ్చినట్టేగా అమ్మాయ్. వచ్చినదాన్ని మళ్ళీ నీళ్ళలో ఎట్టా వెయ్యమంటావు?"

గాలి లేని ఎండలో ఆ మడత కొస ఒక్కటి కొద్దిగా కదిలిందని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. వెనక్కి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. యజమాని గారు "ఆవిణ్ణే ఉంచుకోమనండి," అన్నారు. అదే అచ్చులతో ఇంకో పరదా అద్దించి, మరొకరి చేత జాడింపించారు. ఎరుపు దివ్యంగా వచ్చింది, హైదరాబాదులో పేరూ వచ్చింది, కార్ఖానా ఇంకొన్నేళ్ళు నిలబడింది. వివరణలో నేను నర్తకి అని రాయలేకపోయాను. ముగ్గురు కలిసి గీసినది అని మాత్రం రాసి ఇచ్చాను.

కొన్నేళ్ళకు పిన్నిని చూడడానికి దివిసీమ వెళ్ళాను. ఎరుపెక్కని ఆ పరదా ఆమె ఇంట్లో కప్పు కింద దూలానికి, మెడ పూర్తిగా వెనక్కి వాల్చితే తప్ప కనబడనంత ఎత్తున కట్టి ఉంది. నేను పైకి చూస్తుంటే ఆమే చెప్పింది, "అక్కడిదాకా రావులేమ్మా నీళ్ళు."

పిన్ని ఇప్పుడు లేదు. ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టారని విన్నాను, పరదా ఏమైందో తెలియదు. బందరులో ఇప్పుడు మనిషి చెయ్యి పడకుండా కంప్యూటరే గీసే నమూనాలు అంచు నుంచి అంచుదాకా పూర్తిగా నిండి, ఎవరి గీతా ఎవరూ అందుకోనక్కరలేకుండా వస్తున్నాయట. పని సులువైందని అందరూ సంతోషిస్తున్నారు, నేనూ కాదనను. కానీ ఎక్కడైనా కొత్త అద్దకం కనబడితే నా కళ్ళు ముందుగా దాని నడిమి భాగాన్నే వెతుకుతాయి. ఎవరికీ అప్పగించని చోటంటూ మిగలనప్పుడు, రావాలనుకున్నవాళ్ళు ఇక ఎటునుంచి వస్తారు?