అక్కలో నా కిడ్నీ

అక్కకు కిడ్నీ ఇమ్మని నన్నెవరూ బలవంతపెట్టలేదు. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. ఊరి నుంచి సూరత్‌కు తెచ్చుకుని, లింబాయత్ బస్తీలో బావతో కలిసి ఉండే ఒక్క గదిలోనే నాకూ చోటిచ్చి, చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరిస్తూ చదివించింది. ఆపరేషన్ తర్వాత ఆమె ముఖంలోకి మళ్లీ నెత్తురొచ్చింది. డయాలసిస్ ఉన్నన్నాళ్లూ నీళ్లు కొలుచుకుని తాగిన మనిషి, చెంబెడు నీళ్లు గటగటా తాగి, "ఎంత తియ్యగున్నయే" అంది.

ఏడాది తిరగకముందే దగ్గు మొదలైంది, వెనకే జ్వరం. ఆస్పత్రిలో చేర్చాం. ఎక్స్‌రే చూసి టీబీ కావచ్చన్నారు. ఆ మందులు వాడినా జ్వరం దిగలేదు. ఒక పొద్దున టీ గ్లాసు ఆమె ఎడమచేతిలోంచి జారిపోయింది.

"చెయ్యి నా మాట ఇంటలేదే" అని భయంగా నా వైపు చూసింది.

స్కానింగ్‌లో మెదడులో చీముగడ్డ కనిపించింది. అదే సమయానికి, ఆమె కళ్లెను పరీక్షిస్తున్న ల్యాబువాళ్లు అసలు సంగతి తేల్చారు. ఇది టీబీ కాదు, నోకార్డియా అన్నాడు డాక్టరు. హిందీలో ఏమంటారని అడిగాను.

"హిందీ పేరు లేదమ్మా. చాలా అరుదైన జబ్బు. ఈ బ్యాక్టీరియా మట్టిలో, దుమ్ములో ఉంటుంది. మీరూ నేనూ పీలుస్తూనే ఉంటాం, మనల్నేం చేయదు."

కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా అక్క వేసుకునే గోళీలు, రోగాలతో పోరాడే ఆమె శక్తిని కూడా అణిచేశాయట. ఆ సందులోంచి దూరింది ఇది.

మందులు మార్చి ఇంజెక్షన్లు ఎక్కించారు. అయినా అక్క దిగజారుతూనే ఉంది. డాక్టరు నన్నూ బావనూ పిలిచాడు. కిడ్నీ గోళీలు ఆపేయాలన్నాడు. ఆపితే కిడ్నీ పోవచ్చు, ఆపకపోతే మనిషే దక్కకపోవచ్చు. అక్కకు తను చెప్పలేనని బావ అక్కడే ఆగిపోయాడు. నేనే వెళ్లి అక్కకు చెప్పాను.

"వద్దు. ఆ కిడ్నీ నీది. ఒళ్లు కోయించుకొని ఇచ్చినవ్. నేను పోగొట్టుకోను."

"అక్కా, జర ఇను. నువ్వే లేకుంటే ఆ కిడ్నీ ఉండి ఏం ఫాయిదా?"

"మల్ల ఆ డయాలసిస్ మిషిన్ మీదికి నాతోని కాదే."

"నాకోసం ఆ మిషిన్ మీదికి పోవాలె. నాకు ఇంకెవరున్నరే?"

ఆమె కాళ్లు పట్టుకున్నాను. నర్సు వచ్చి లేపినా వదల్లేదు. చివరికి అక్క కళ్లు మూసుకుని తలూపింది.

గోళీలు ఆపారు. జ్వరం మెల్లగా దిగింది, ఊపిరి తేలికైంది. కానీ మూత్రం తగ్గుతూ వచ్చింది. లేవగానే మంచానికి వేలాడే సంచీ వైపు చూసేదాన్ని. ఆమె కోలుకుంటోందని సంతోషపడబోయి, ఆ సంచీ చూసి ఆగిపోయేదాన్ని. ఒకరోజు అందులో చుక్క కూడా లేదు.

మళ్లీ డయాలసిస్‌కు తీసుకెళ్లినప్పుడు అక్క నా ముఖం చూడలేకపోయింది.

"నీది ఖరాబ్ జేసిన చెల్లే" అంది.

"నువ్వు బతికినవు గదా" అన్నాను. ఆమె అటు తిరిగి ఏడ్చింది.

బయట వరండాలో బావ నిలబడి ఉన్నాడు. "ఇంకో కిడ్నీ ఎవరిస్తరు?" అన్నాడు. నన్ను అడగడం లేదని తెలుసు. అయినా నా దగ్గర ఇంకొకటి ఇవ్వడానికి లేదన్న సిగ్గుతో, తల దించుకుని ఆయన పక్కనే నిలబడ్డాను.