అంచు దాటితే తెలుపు

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు గడుల బొమ్మ గీసే తన కాలేజీ ప్రోగ్రాము చూపిస్తానని లాప్‌టాప్ నా ముందుకు జరిపినప్పుడు, అందులో ఒక్క వరుస చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గడి రంగు ఏమిటంటే, అంచు అయితే ఎరుపు, కాకపోతే తెలుపు, అంతే. ఆ 'కాకపోతే' తీసేసి చూడమన్నాను. తీసేస్తే కంప్యూటరు ససేమిరా ఒప్పుకోలేదు. నా సంబరం ఆ పిల్లకు అర్థం కాలేదు గానీ, 'ఇలా అయితే ఇది చెయ్యి' అని పనులు పురమాయిస్తూ ప్రోగ్రాములు రాసిన నా ఈడు వాళ్ళకు అర్థమవుతుంది.

నా చిన్ననాటి కొత్తవాడలో మా నాయనది జంపఖానాల మగ్గం. కంప్యూటరు సెంటరులో కొత్తగా చేరిన నేను, ఏ గడికి ఏ రంగు నూలో అచ్చువేసి ఇస్తానని, ఇక గ్రాఫు కాగితం మీద చేత్తో గడులు నింపే బాధ ఉండదని ఇంట్లో ఊదరగొట్టాను. నాయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: మర్నాడు ఎగ్జిబిషన్‌కు బండెక్కవలసిన చిన్న నమూనా చెడితే, నా కాగితాలు మళ్ళీ మగ్గం దగ్గరికి రాకూడదు.

ప్రింటరులోంచి వచ్చిన కాగితాన్ని చుట్ట విప్పి చూడకుండానే సైకిలు మీద తెచ్చాను. నాయన దాన్ని చూసి నేస్తుంటే ఎర్రంచు చక్కగా పడుతోంది, నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అంతలో నూలు కండెలు చుడుతున్న అమ్మ తలెత్తింది.

"ఎర్ర కండెలన్నీ ఒడిసె, తెల్లయి ముట్టనే లేదు. నీ కంప్యూటరుకు తెలుపంటే కోపమా కొడుకా?"

కాగితమంతా విప్పి చూస్తే చివరిదాకా ఎరుపే. మొదట తెలుపు పెట్టి, అంచు వస్తే ఎరుపు చెయ్యమన్నాను. అంచు దాటాక ఏం చెయ్యాలో చెప్పలేదు కనుక అది ఆ ఎరుపునే పట్టుకుని కూర్చుంది.

"ఫికర్ జెయ్యకు, నేను ఇప్పుత. నువ్వు జల్ది పోయిరా" అన్నాడు నాయన.

నేను ఎగశ్వాసతో వెళ్ళి, 'కాకపోతే తెలుపు' అని ఒక వరుస చేర్చి, ఈసారి ఆఖరి గడి దాకా చూసుకుని తిరిగి వచ్చేసరికి ఆయన తప్పుగా పడ్డ పేక నూలంతా అంచు దాకా విప్పి ఎదురుచూస్తున్నాడు. పొద్దు వాలేలోగా ఎర్రంచు నడుమ తెలుపు వెన్నెలలా పరుచుకుంది. మర్నాడు నమూనాను బండెక్కించి తిరిగి వస్తూ, దారిలో మెల్లగా అడిగాడు: "చిలుకల డిజైను సుత పడతదా నీ దాంట్ల?"

ఆ మాట నా డైరీలో ఒక పేజీ మొత్తానికి ఒక్కటే ఉంది.

మనవరాలు రాసిన వరుసకు మతిమరుపు లేదు. రెండు వైపులా జవాబు ఉంటేనే అది కదులుతుంది. తెర మీద రెప్పపాటులో ఎర్రంచు, నడుమ తెలుపు వచ్చేశాయి, ఒక్క గడి తప్పు లేకుండా. చూసి నేయడానికి మగ్గం మీద మా నాయన లేడు.