చేని అసలు రంగు

నిన్న హైదరాబాదులో, నేను పనిచేసే చీకటి గదిలో, తెర మీద ఎండిన చేను ఒకటి వెలిగింది. సినిమాలకు రంగులు సరిచేయడం నా పని. ఆ మాడిన పసుపు కంట పడగానే నాకు ఈ పని నేర్పిన షమీమక్క గుర్తొచ్చింది.

కళ్యాణదుర్గంలో ఆమెది పెళ్లి వీడియోలు తీసే చిన్న దుకాణం. డిగ్రీ అయ్యాక అక్కడ చేరాను. మొదటిరోజే పసుపు చీర కనిపిస్తున్న టీవీ అద్దం మీద నీటిచుక్క వేసి, అందులోంచి చూడమంది. ఎరుపు, ఆకుపచ్చ గీతలు కనిపించాయి. పసుపు ఎక్కడా లేదు!

"ఆ రెండూ పక్కపక్కన వెలిగితే మన కంటికి పసుపు అయితాది. నీలంతో కలిపి టీవీకుండేది మూడు రంగులే అప్పా. మనం అబద్ధం చెప్తే అదీ అబద్ధమే చెప్తాది" అంది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. బెళుగుప్ప రైతు ఎర్రిస్వామి చేను దున్నేయబోతూ, అధికారులకు చూపడానికి ఎండిన వేరుశనగను వీడియో తీయమన్నాడు. నేనే వెళ్లాను. పెళ్లి కోసం కెమెరాలో పెంచిన రంగులు తగ్గించడం మరిచిపోయాను. మొక్కల్లో మిగిలిన కాస్త ఆకుపచ్చా దుకాణంలో టీవీ మీద నిగనిగలాడుతుంటే చూసి ఎర్రిస్వామి నివ్వెరపోయాడు.

"ఏమప్పా, ఇది నా చేనేనా? ఇంత పచ్చగా ఉండాదే! దీన్ని చూసి నష్టమని ఎవరు రాస్తారు?"

నేను తల దించుకున్నాను. అక్క నన్ను తిట్టకుండా ఎర్రిస్వామి వైపు తిరిగింది.

"తప్పు మాదే అన్నా. రేపు పొద్దున ఒక్క పూట దున్నకుండా మడక ఆపు. నేనే వస్తా."

మర్నాడు మొక్కల ముందు తెల్లకాగితం పట్టి, ఆ ఎండలో తెలుపేదో ముందు కెమెరాకు చూపించింది. కాగితం కూడా కనబడేలా చేనంతా తీసింది.

తర్వాత వ్యవసాయాఫీసు టీవీలో ఆ వీడియో చూసి అధికారి అనుమానంగా నవ్వాడు. "పసుపు కలిపి తెచ్చినట్టున్నారే!"

అక్క అదే కాగితాన్ని టీవీ పక్కన పెట్టింది. "చూడండి సార్. మేం పసుపు కలిపింటే ఆ తెరలో కాగితమూ పసుపు కావాల గదా?"

ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఎర్రిస్వామి పేరు నష్టం జాబితాలో రాసుకున్నాడు. బయటికొచ్చాక ఎర్రిస్వామి చేతులెత్తి దండం పెడితే అక్క సిగ్గుపడింది.

"నాకెందుకన్నా? ఉన్నదే చూపించినా."

షమీమక్క ఇప్పుడు లేదు. ఏ దర్శకుడు వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: "ఇది తీసిన రోజు అక్కడ ఎలా ఉంది?" కొందరు విసుక్కుంటారు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మాత్రం, తల ఎత్తి చెప్తాను: కళ్యాణదుర్గంలో, షమీమక్క దగ్గర.