వాన ఎరగని రాయి

కర్నూలులో దావీదురాజు అయ్యవారి ఇల్లు ఎక్కడని అడిగితే నలుగురూ ముఖాలు చూసుకునేవాళ్ళు. రాళ్ళయ్యవారి ఇల్లని అడిగితే మాత్రం పలక పట్టని పిల్లకాయ కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గుమ్మంలో నిలబెట్టేవాడు. ఆ ఇంట్లో మంచం మీద రాళ్ళు, మంచం కింద రాళ్ళు, గూళ్ళ నిండా రాళ్ళు. వచ్చినవాళ్ళు కూర్చోవాలంటే ముందు ఒక రాయిని లేపాలి. అలాంటి కొంపకు పిల్లనిచ్చే మహానుభావుడు జిల్లాలో పుట్టలేదు. ఆయనా ఆ సంగతి పట్టించుకున్న పాపాన పోలేదు.

ఈ పిచ్చి తండ్రి పెట్టిన భిక్ష. తండ్రి పేరు లేవి, ఓర్వకల్లు గుట్టల్లో రాయి కొట్టి బతికాడు. "నడినెత్తిన పొద్దున్నప్పుడు అన్ని రాళ్ళూ ఒకటేరా. పొద్దు వాలనీ, అప్పుడు చూడు, యా రాయి ఎట్లాదో అదే చెప్తాది," అనేవాడు. పడమటి ఎండలో ఒక బండ వెలుతురును పట్టుకుని విసిరికొడుతుంది, ఒకటి సగం తాగి సగం ఇస్తుంది, ఒకటి మొత్తం మింగేసి మూగదానిలా కూర్చుంటుంది. లేవి ఆ చూపుతోనే ఉలి ఎక్కడ పెట్టాలో తెలుసుకునేవాడు. కొడుకు ఉలి పట్టలేదు, మిషను బడిలో చదివి అయ్యవారయ్యాడు. కానీ ఆ చూపు వదల్లేదు.

ఆయన పద్ధతి ఇది. కిటికీ తలుపుకు ఒక చిల్లు. ఆ చిల్లులోంచి గదిలోకి వచ్చే ఎండలో రాయిని పెట్టి, పక్కన సుద్దముక్క పెట్టేవాడు. పగిలిన గాజుపెంకులు రెండు ఉండేవి, ఎర్రది ఒకటి, నీలిది ఒకటి. ముందు ఎర్రగాజులోంచి, తర్వాత నీలిగాజులోంచి చూసి, సుద్ద కంటే రాయి ఎంత వెలవెలబోతోందో అంచనా కట్టి, ఏ గూట్లో చేరాల్సిన రాయి ఆ గూట్లో చేర్చేవాడు.

ఈ పనిలో ఆయనకు ఒక్కరే సాయం, తల్లి సోమక్క. మొగుడి గోరీ విడిచి రానని ఆమె గుట్టల కింద పల్లెలోనే ఉండిపోయింది. సెలవుల్లో కొడుకు గుట్టలెక్కి రాళ్ళు ఏరుకొస్తే, ఆమె వాటిని చింతపండు గుజ్జులో నానబెట్టి, పొయ్యిలోని బూడిద వేసి, కొబ్బరి పీచుతో బరబరా తోమి, మంచినీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి వరసగా పేర్చేది. మట్టి పట్టిన రాయి అబద్ధం చెబుతుందని కొడుకే నేర్పాడు. "నువ్వు కడిగిన రాయే రాయమ్మా," అని మెచ్చుకునేవాడు కూడా. ఆ మాటకు ఆమె ముఖం చేటంత అయ్యేది.

ఇంతకూ ఈ చాకిరీ అంతా దేనికంటారా? ఒకసారి మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి బడికి వచ్చి ఆకాశం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. కుజుడికీ గురుడికీ నడుమ చిన్నచిన్న గ్రహాలు వేలకొద్దీ తిరుగుతున్నాయనీ, ఎంత పెద్ద దుర్భిణిలో చూసినా అవి చుక్కలుగానే కనిపిస్తాయనీ, వాటి మీద పడి తిరిగొచ్చే ఎండను బట్టే ఏది ఎలాంటి రాయో పోల్చుకోవాలని కొందరు తంటాలు పడుతున్నారనీ చెప్పాడు. దావీదురాజుకు ఒళ్ళు ఝల్లుమంది. వాళ్ళ నాయన గుట్ట కింద నిలబడి చేసిన పని అదే గదా! ఉపన్యాసం అయ్యాక ఆయన్ను బతిమాలి ఇంటికి తీసుకుపోయి గూళ్ళన్నీ చూపించాడు.

పెద్దమనిషి ఓపిగ్గా చూశాడు. ఎగతాళి చెయ్యలేదు. చేసినా బాగుండేది. "శ్రమ పడ్డారు మాస్టారూ. కానీ ఇవన్నీ వానకు నాని, గాలికి మాగిన రాళ్ళు. పైనున్నవాటికి వానంటే తెలియదు. ఆకాశం నుంచి రాలిన రాయి ఒక్కటి, నీళ్ళు తగలకముందే దొరికితే అప్పుడు మీ గూళ్ళకు అర్థం ఉంటుంది. నాకు కబురు చెయ్యండి, నేనే వస్తాను," అన్నాడు.

ఆ ఒక్క రాయి కోసం దావీదురాజు ఎదురుచూశాడు. కళ్ళు కాయలు కాచేలా చూశాడు. తల నెరిసింది. ఆ రాయి లేకపోతే తన బతుకంతా ఆడపిల్లల అచ్చనగాయల ఆటతో సమానమని ఆయనకు తెలుసు. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు నలుగురూ ఆరోగ్యం అడిగితే, ఈయన రాయిని అడిగేవాడు.

అంతలో కరువొచ్చిపడింది. రెండేళ్ళు చినుకు లేదు. బావులు అడుగంటాయి, పశువులు బొమికలగూళ్ళయ్యాయి. సర్కారు వాళ్ళు కరువు పని పెట్టి గుట్టల పక్కన రోడ్డుకు కంకర కొట్టిస్తున్నారు. సోమక్క కూడా ఆ వయసులో సుత్తి పట్టుకుంది. కర్నూలుకు రమ్మంటే రాదు. తాగే నీళ్ళకు వాగు ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకోవాలి. ఒక పూట కాపలా కాస్తే ఒక కుండ.

ఒకరోజు ఓర్వకల్లు నుంచి బండి తోలుకొచ్చే దూదేకుల ఖాసిం వలి బడి ముందు బండి ఆపి కేకేశాడు.

"అయ్యవారా! మొన్న పొద్దుగూకే యాళకు మా తట్టు ఆకాశంలో నిప్పు పడినాది. పెద్ద సప్పుడు! కంకర కొట్టేటోళ్ళంతా సుత్తులు పారేసి పరిగెత్తినారు. మీయమ్మ మాత్రం కదల్లేదప్పా. అది పడిన కాడికి పోయి, నల్లగా మసిబట్టిన రాయి, నిమ్మకాయంత ఉండాది, కొంగున కట్టుకొనొచ్చింది. మా పిల్లోనికి కావాల అన్యాది."

దావీదురాజు బండి చక్రం పట్టుకుని నిలబడిపోయాడు. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి. ఆ నిమిషాన పరిగెత్తి ఉండాల్సింది. కానీ బడికి ఇన్‌స్పెక్టరు దిగివున్నాడు. హెడ్మాస్టరు సెలవు ఇవ్వనన్నాడు, కాదని పోతే ఉద్యోగమే పోతుంది.

"ఎవరికీ ఇయ్యొద్దని, భద్రంగా పెట్టమని చెప్పు ఖాసిమూ," అన్నాడు. అంతే అన్నాడు. ఇంకొక్క మాట అనాలని ఆ ఆనందంలో ఆయనకు తోచనే లేదు.

ఆ రాత్రి పడుకుని, పైన మబ్బు లేదని, చినుకు పడదని, తన రాయి పొడిగా ఉంటుందని సంతోషించాడు. ఊళ్ళు ఎండి చస్తుంటే వాన రానందుకు సంతోషించాడు మహానుభావుడు! వెంటనే సిగ్గుపడి దేవుణ్ణి క్షమాపణ అడిగాడు గానీ, సంతోషం మాత్రం పోలేదు.

ఇన్‌స్పెక్టరు వారం ఉండి కదిలిన మర్నాడే అయ్యవారు తెల్లారగట్ల నడక మొదలుపెట్టాడు. మద్రాసు పెద్దమనిషికి కబురు అంతకుముందే వెళ్ళింది. గాజుపెంకులు, సుద్దముక్క జేబులో ఉన్నాయి. ఎండ నెత్తికెక్కేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది. అయినా ఎక్కడా ఆగలేదు.

సోమక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. పెదాలు పగిలి నెత్తురు చారలు కట్టాయి. కళ్ళు మాత్రం పండగ ముందటి పిల్ల కళ్ళలా ఉన్నాయి.

"కొంచెం నీళ్ళియ్యమ్మా," అన్నాడు.

"నీళ్ళు లేవు నాయనా. ఉండేటివి దానికే సరిపోయినాయి. కూసో, ముందు ఇది చూడు." పళ్ళెంలో పెట్టి తెచ్చింది. "శానా మొండి మసి నాయనా! చింతపండులో నానేసినా పోలేదు. పైన పెచ్చు రోటికాడ కొట్టి రాల్చి, మళ్ళా నానేసినా. దినామూ తోమినా. ఇప్పుడు సూడు, ఒక్క సుక్క నలుపు లేదు."

పళ్ళెంలో తుప్పు రంగు ముద్ద ఉంది. పగుళ్ళ వెంట ఎర్రనీళ్ళు ఊరి ఎండిపోయాయి. దావీదురాజు వేలితో తాకాడు. తాకినచోట పొడి రాలింది. విరిచాడు. లోపలా అదే ఎరుపు. ఏనాడూ వానను ఎరగని రాయి, దేశమంతా నీటిచుక్క లేని ఏడాది, తాగడానికి తెచ్చుకున్న కుండెడు నీళ్ళలో నానింది.

"ఆ పైపెచ్చు ఏం చేసినావమ్మా?"

"కడిగిన నీళ్ళతో పెరట్లో పారబోసినా. ఏం?"

ఆయన పెరట్లోకి పరిగెత్తాడు. నేల ఎప్పుడో నీళ్ళు పీల్చేసుకుని నెర్రెలు విచ్చింది. మోకాళ్ళ మీద కూలబడి, ఆ దుమ్మును గుప్పిళ్ళతో ఎత్తి, ఊది, వేళ్ళ సందుల్లోంచి రాల్చి వెతకసాగాడు. ఆకాశం నుంచి రాలిన రాయేననడానికి ఇక ఆ మసిపెచ్చే గురుతు. నల్లటి పెచ్చు ఒక్కటి, గోరంత, చీమతలంత! ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు. తిట్టాలనిపించింది. తల్లిని కాదు, తల్లికి తోమడం నేర్పిన తన నోటిని.

సోమక్క కొంగు బిగించి వచ్చి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏం పోగొట్టుకున్యావు నాయనా? ఎట్లుంటాది? చెప్పు, నేనూ దేవులాడతా."

"నల్లగుంటాదమ్మా," అన్నాడు.

ఇద్దరూ ఆ మండే ఎండలో నేలంతా జల్లెడ పట్టినట్టు వెతికారు. కంకర కొట్టి కాయలు కాచిన ఆ చేతులు దుమ్మును ఎంత మెల్లగా కదిపాయో చెప్పలేను. తాను ఏం పారేసిందో ఆమెకు తెలియదు. కొడుకు ఏడుస్తున్నాడని మాత్రమే తెలుసు. చాలాసేపటికి ఆమె గబుక్కున ఏదో పట్టుకుని అరచేతిలో పెట్టి చూపించింది.

"ఇదేనా నాయనా?"

అది బొగ్గు. ఆమె పొయ్యిలోదే, బూడిదతో వచ్చిన బొగ్గుముక్క. దావీదురాజు దాన్ని ఎండకు పెట్టి చూశాడు. ఎర్రగాజు, నీలిగాజు తియ్యాల్సిన పని లేకపోయింది.

"ఇదేనమ్మా," అన్నాడు.

"అమ్మయ్య! దొరికె కదా," అని ఆమె అక్కడే కూలబడి, పగిలిన పెదాలతో నవ్వింది.

ఆయన బొగ్గుముక్కను జేబులో సుద్దముక్క పక్కన వేసుకున్నాడు. లోపలికి పోయి ఖాళీ కుండను భుజానికెత్తుకుని చెలమ దగ్గర కాపలాకు బయలుదేరాడు.