కప్పలక్క ఉప్పులో తప్పు లేదు

ఆ కాలేజీ ల్యాబులో పందొమ్మిదేళ్లుగా కప్పల్ని సాకుతున్నది ఆమే. అందుకే వీధి వీధంతా ఆమెను కప్పలక్క అంటుంది. మొదట్లో వెక్కిరింతకి అన్నారు, తరవాత అలవాటైపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు.

తొట్లలో నీళ్లు మార్చడం, కప్పలకి పురుగులు వెయ్యడం, గాజు సామాను కడగడం, ఉప్పునీళ్లు కలపడం ఆమె పనులు. ఉప్పునీళ్లంటే బకెట్లో గుప్పెడు ఉప్పు విసరడం అనుకునేరు! ఫ్యాను ఆపేసి, ఊపిరి బిగబట్టి, కాటా మీద ఉప్పు తూచాలి. కలిపిన ప్రతిసారీ చిన్న సీసాలో కాసిని పట్టి, తేదీ రాసి, నెలరోజుల పాటు బీరువాలో దాచేది. అలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. "రేపెవరైనా నోరు జారితే నా సీసాయే జవాబు చెబుతుంది" అనేది.

ఆ రేపు రానే వచ్చింది. ఓ సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద ల్యాబు పెద్దసారు సంతకంతో కాగితం వేలాడుతోంది. ఉప్పునీళ్లు కలపడంలో నిర్లక్ష్యం వల్ల ప్రయోగాలు చెడిపోతున్నాయట. కింద ఆమె పేరు, ఇంటిపేరుతో సహా. వచ్చే నెల నుంచి ల్యాబులోంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెడతారట.

"గేటు దగ్గర కూర్చోడానికి నాకేం కాళ్లు పడిపోయాయా?" అంది కప్పలక్క. ఒళ్లు మండిపోయింది. పోనీ, గదిలోకి పిలిచి ఓ మాట అడిగారా? అడగలేదు. సీసా తెమ్మన్నారా? అదీ లేదు. వచ్చేపోయే వాళ్లంతా చదివేలా గోడకెక్కించారు.

ఆ ప్రయోగం సంగతి కాస్త చెప్పాలి. చచ్చిన కప్ప పొట్ట మీది చర్మం తీసి, డప్పుకి తోలు బిగించినట్టు రెండు గాజు గిన్నెల మధ్య బిగిస్తారు. అటూ ఇటూ ఉప్పునీళ్లు పోస్తారు. కప్ప పోయినా చర్మం కొన్ని గంటలు బతికే ఉంటుంది. బయటివైపు ఉప్పుని లోపలివైపుకి లాగుతూనే ఉంటుంది. రోజంతా మంచినీళ్లలో నానే ప్రాణి కదా, ఒంట్లో ఉప్పంతా నీళ్లపాలు కాకుండా కప్పకున్న ఉపాయం అది. చర్మం ఎంత జోరుగా లాగితే, గిన్నెలకి తీగలతో తగిలించిన మీటరులో ముల్లు అంత పైకి లేస్తుంది.

నెలరోజులుగా ముల్లు లేవడం లేదు. ఒక కప్పతో లేవకపోతే ఇంకో కప్ప, దాంతోనూ లేవకపోతే మరోటి, అలా పదకొండు కప్పలు పోయాయి.

ప్రయోగం చేసే రీసెర్చి పిల్ల కళ్లు దించుకుని వచ్చింది. "అక్కా, నువ్వలా చెయ్యవని సారుకి చెప్పాను. వినలేదు."

"వినకపోతే ఇంకోసారి చెప్పాలి తల్లీ. నాకైతే నోరుంది. ఆ పదకొండు కప్పల మాటేమిటి? వాటి ఉసురు ఎవరికి తగులుతుంది?"



మర్నాడు పొద్దున ఇల్లంతా చలి. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని చిరిగిన దిండుగలీబు కుడుతోంది. సూదిలోకి దారం ఎంతకీ ఎక్కదు.

"కళ్లజోడు మార్చాలి అత్తయ్యా" అంది కప్పలక్క.

"కళ్లకేం, నీ ముక్కు మీద కోపం ఇక్కణ్ణించే కనబడుతోంది. చలికి వేళ్లు మాట వినడం లేదు. సూదీ అదే, దారమూ అదే, నేనూ అదే. కాస్త ఎండెక్కనీ, టకటకా కుట్టేస్తాను."

కప్పలక్క చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. సూదీ అదే, దారమూ అదే. ఉప్పూ అదే! సరిగ్గా నెల కిందట ల్యాబులో కొత్త ఏసీ పెట్టారు. అది నోరు తెరిచి ఊదేది నేరుగా గాజు గిన్నెల మీదికే. మరి వేడి ఎంతుందో రోజూ పుస్తకంలో రాస్తున్నారే? రాసేది తలుపు పక్కన మేకుకి వేలాడే థర్మామీటరు చూసి. అక్కడ వరండా గాలి తప్ప ఏసీ గాలి తగలదు.

"రోజూ ఆ థర్మామీటరు దుమ్ము తుడిచేది నేనేగా! ముందు నన్ను నేను తిట్టుకోవాలి" అంటూ చెప్పులేసుకుంది.

"తిట్టుకుందువుగాని, టీ తాగి తిట్టుకో" అని అత్తగారు కేకేసేలోపే సందు మలుపు తిరిగింది.

మధ్యాహ్నానికి థర్మామీటరు మేకు మీంచి దించి గిన్నెల పక్కన పెట్టింది. తలుపు దగ్గర ఇరవయ్యెనిమిది డిగ్రీలు చూపించినది పావుగంటలో పదిహేడుకి దిగింది. రీసెర్చి పిల్లని పంపి పెద్దసారుని పిలిపించింది. గిన్నెల్లో పొద్దున బిగించిన చర్మమే ఉంది, కొత్త కప్పని ముట్టుకోనివ్వలేదు. బీరువాలోంచి సీసా తీసింది. నోటీసులో తప్పుపట్టిన నీళ్లే అవి. ఆ నీళ్లే గిన్నెల్లో పోయించింది. ముల్లు కిందే ఉంది.

ఏసీ ఆపించి, గిన్నెల చుట్టూ చలి విరిగేంత వెచ్చని నీళ్లున్న తొట్టి పెట్టింది. ముగ్గురూ ముల్లుకేసి చూస్తూ నిలబడ్డారు. మెల్లిగా కదిలింది. పైకి, ఇంకా పైకి, దాదాపు రెండింతలు.

"ఇప్పుడు నేనేమైనా ఉప్పేశానా సారూ?"

"ఒక్కసారికి ఏదో కుదిరి ఉంటుంది" అన్నారాయన.

మళ్లీ చల్లబరిచింది, ముల్లు దిగింది. మళ్లీ వెచ్చబరిచింది, లేచింది. మూడోసారి ఆయనే తొట్టి పట్టుకుని, చెమట తుడుచుకుంటూ, "చల్లబడితే చర్మం పని మందగిస్తుంది. పుస్తకాల్లో ఉన్నదే" అని గొణిగారు.

"పుస్తకాల్లో ఉందా? మరి పదకొండు కప్పల్నెందుకు చంపించారు?"

మర్నాడు బోర్డు మీద కొత్త కాగితం. "ఉష్ణోగ్రత వల్ల రీడింగులు తగ్గినట్టు గుర్తించడమైనది. పాత నోటీసు రద్దు." అంతే.

కప్పలక్క ఆ కాగితం ఊడదీసుకుని పెద్దసారు గదిలోకి నడిచింది.

"గేటు సంగతి కూడా రద్దయినట్టేగా! ఇంకేం కావాలి?" అన్నారాయన.

"గుర్తించడమైనది అని రాశారు. ఎవరు గుర్తించారు, గోడా? నింద వేసేటప్పుడు నా పేరు ఇంటిపేరుతో సహా గుర్తుంది మీకు. నిజం రాసేటప్పుడు మర్చిపోయారా?"

"అందరికీ తెలుసులేవమ్మా."

"చెప్పకుండానే తెలిసేట్టయితే బోర్డెందుకు సారూ?"

ఆయన కలం తీశారు. రాస్తున్నంతసేపూ బల్ల పక్కనే నిలబడింది. రాశాక అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుకుంది, ఇంటిపేరు దగ్గర రెండుసార్లు. తనే తీసుకెళ్లి, నింద వేలాడిన చోటే గుచ్చింది.

తరవాత సుత్తి తెచ్చి, గాజు గిన్నెల బల్ల దగ్గర గోడకి కొత్త మేకు కొట్టి, థర్మామీటరు అక్కడ తగిలించింది. తలుపు పక్కన పాత మేకు ఖాళీగా ఉంది.

"దాన్నీ పీకెయ్యనా అక్కా?" అంది రీసెర్చి పిల్ల.

"ఉండనీ. సారు పోతూ వస్తూ చూసుకుంటారు."