బనగానపల్లెలో మిషన్ ఆగితే ఏం పోతుంది?

సగం డ్రాయింగు హైదరాబాదులో నేను గీస్తాను, మిగతా సగం జర్మనీలో మార్టిన్ గీస్తాడు. ఇద్దరం ఒకే కంపెనీలో రాళ్ళు కోసి పాలిష్ చేసే మిషన్ల ఇంజనీర్లం. పోయిన వారం మాటల్లో తన జీతం చెప్పేశాడు. నాకన్నా నాలుగింతలు! ఆ పూట అన్నం సయించలేదు. వచ్చే సోమవారం నా జీతం సంగతి మాట్లాడదాం రమ్మన్నాడు మేనేజరు. ఏమని అడగాలో తెలియలేదు. కనీసం అలాంటి మిషన్లు పనిచేసే చోటైనా చూద్దామని శుక్రవారం రాత్రే కర్నూలు చేరి, శనివారం పొద్దున ఏడింటి బస్సెక్కాను.

బనగానపల్లెకు రెండు గంటల పైచిలుకు పట్టింది, టికెట్టు నూట ఇరవై లోపే. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ లాగించి, యాభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. "మా బావ పాలిష్ ఫ్యాక్టరీలో మెకానిక్కు, ఎనిమిదేండ్లు మస్కట్‌లో చేసినాడు, రామ్మా," అని డ్రైవరే తీసుకెళ్ళాడు. ఆ బావ పేరు మస్తాన్. కాళ్ళకింద తెల్లటి బురద, చెవులు చిల్లులుపడే మోత.

చూస్తుండగానే కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. మా ఆఫీసులో మిషన్ ఆగిందన్న కబురొస్తే పెళ్ళిపీటల మీద తాళి కనబడనంత గోల. ఇక్కడ అందరూ తీరిగ్గా బండల మీద కూర్చుని టీ చెప్పారు.

"నష్టం కాదా అన్నా?" అన్నాను.

"ఏం నష్టమమ్మా? ఈ పొద్దు పోవాల్సిన నాలుగు బండలు రేపు పోతాయి, అంతే. మస్కట్‌లో ఆగితే రేవులో ఓడ నిలబడతాండె. అందుకే ఆడ నాకు ఐదింతలు ఇస్తాండిరి. నా చెయ్యి అదే, పానా అదే. ఆగితే పోయేది వేరే," అన్నాడు మస్తాన్ అన్న.

ముడి వీడిందనుకున్నాను. కూలి మనిషిని బట్టి కాదు, పని ఆగితే పోయేదాన్ని బట్టన్నమాట! హాయిగా టీ గ్లాసు అందుకుని, నా పనీ మార్టిన్ జీతమూ చెప్పాను.

"సరేగానీ, నువ్వు గీసేది తప్పయితే మిషన్ యాడ ఆగుతాదమ్మా?" అన్నాడు మస్తాన్ అన్న.

"జర్మనీలో."

"మరి నీకు దుడ్లు ఈడి లెక్కన ఇస్తాండారే!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

తిరుగు బస్సులో అదే ఆలోచన. అక్కడ అద్దెలూ పన్నులూ ఎక్కువే, కాదనను. నేను మానేస్తే చేరడానికి ఇక్కడ పదిమంది ఉన్నారు, అదీ నిజమే. కానీ ఆరేళ్ళుగా ఇచ్చింది పుచ్చుకుని తల ఊపింది నేనే. అడగందే అమ్మయినా పెట్టదు. నాలుగింతలు రావని తెలుసు. అయినా సోమవారం మేనేజరును మస్తాన్ అన్న ప్రశ్నే అడుగుతాను: "నా గీత తప్పితే మిషన్ ఎక్కడ ఆగుతుంది సార్?"

మీరూ వెళ్ళేట్టయితే కరెంటు కోత ఏ వేళో ముందే కనుక్కుని, సరిగ్గా ఆ వేళకే చేరండి. మిషన్లు తిరుగుతుంటే అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు.